పొగా ఆవిరీ ఒకటి కావు
ఆగమన, నిగమన తర్కాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: విడి విషయాల నుంచి సాధారణ సూత్రానికి చేరేది ఆగమన తర్కం, సూత్రం నుంచి విడి విషయానికి దిగేది నిగమన తర్కం.

వాస్తవం: ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) అభ్యర్థులు కంఠస్థం చేసే ఈ నిర్వచనం తరగతిలో పాఠం చెప్పే వరుసకు సరిపోతుందే గాని తర్కానికి సరిపోదు. ఆధార వాక్యాలు నిజమైనప్పుడు నిష్కర్ష కూడా తప్పనిసరిగా నిజం కావలసిన వాదం నిగమనం. ఆధారాలన్నీ నిజమైనా నిష్కర్షకు బలం మాత్రమే చేకూరి, అది తప్పయ్యే అవకాశం ఎంతో కొంత మిగిలే వాదం ఆగమనం. పాశమైలారంలోని ఒక గోదాములో రెండే పీపాలున్నాయని, వాటిలో ఒకటి కారుతోందని, మొదటిది కారడం లేదని తెలిస్తే, రెండోదే కారుతోందని తేల్చడంలో సాధారణ సూత్రం ఏదీ లేకపోయినా అది నిఖార్సైన నిగమనమే. ఇన్నేళ్లుగా వానకాలం వచ్చింది గనుక వచ్చే ఏడూ వస్తుందనడం ఒకే ఒక్క సంవత్సరాన్ని గురించిన మాటే అయినా ఆగమనమే.

అపోహ: నిగమనం సత్యాన్ని ఇస్తుంది, ఆగమనం ఇచ్చేది ఊహ మాత్రమే.

వాస్తవం: ఆధారాల్లో ఉన్న నిజం నిష్కర్ష దాకా చెడకుండా చేరుతుందన్నంత వరకే నిగమనం హామీ, ఆధారమే తప్పయితే అది చేయగలిగింది లేదు. కొండ మీది పొగను చూసి నిప్పును తెలుసుకోవడమనే ప్రసిద్ధ ఉదాహరణను పటాన్‌చెరు పారిశ్రామిక వాడలోకి తెచ్చి, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, ఆ కర్మాగారం మీద పొగ ఉంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది అంటే, వాదం రూపంలో ఏ లోపమూ కనిపించదు. అయితే చలికాలపు ఉదయాన కూలింగ్ టవర్ మీద లేచే తెల్లని మబ్బు పొగ కాదు, చల్లగాలి తగిలి సన్నని తుంపరగా మారిన నీటి ఆవిరి. ఆవిరిని పొగగా భ్రమించే ఈ దోషాన్ని భారతీయ తార్కికులు కర్మాగారాలు పుట్టడానికి శతాబ్దాల ముందే చర్చించారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదనీ, అందుకు తడి కట్టె కూడా కావాలనీ చెప్పి, ఇలాంటి మరుగున పడిన షరతుకు ‘ఉపాధి’ అని పేరు పెట్టినవారూ వారే.

ఇక ఆగమనం ఊహే అయితే పటాన్‌చెరు ప్రాంతపు మందుల పరిశ్రమ ఒక్క రోజు కూడా నడవదు. పరీక్షకు పెట్టిన మాత్ర ద్రావణంలో కరిగిపోతుంది గనుక అన్నింటినీ పరీక్షిస్తే అమ్మడానికి ఏదీ మిగలదు. బ్యాచ్ మొత్తాన్ని గురించిన నిర్ణయం కొద్దిపాటి నమూనా మీదే ఆధారపడుతుంది, దాని బలం నమూనాను ఎలా తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది కూడా కొన్ని నమూనాల ఆధారంగానే. అవి నమూనాలే కదా అని దాన్ని తోసిపుచ్చినవారు, తమ ఉత్పత్తులు ఆమోదం పొందేదీ అదే తర్కంతోనని మరిచినట్టే.

అపోహ: ఈ రెండు తర్కాలూ వేర్వేరు శాస్త్రాల సొత్తు.

వాస్తవం: తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లోనే ఈ రెండూ ఒకే అనుమానంలో, అంటే ఒకే తార్కిక నిర్ధారణలో, కనిపిస్తాయి: వంటింటి వంటి చోట్ల పదేపదే చూసి పొగకూ నిప్పుకూ ఉన్న ‘వ్యాప్తి’ని, అంటే ఎడబాయని సంబంధాన్ని, గ్రహించడం ఆగమనం, దానిని కొండకు వర్తింపజేయడం నిగమనం.

అపోహ: ఊహించిన ఫలితం వచ్చిందంటే సిద్ధాంతం రుజువైనట్టే.

వాస్తవం: ఫలానా కారణం ఉంటే ఫలానా ఫలితం రావాలనడం నిగమనం, ఫలితం వచ్చింది గనుక ఆ కారణమే ఉందనడం నిగమనం కాదు, ఎందుకంటే మరో కారణం వల్లా అదే ఫలితం రావచ్చు. ఆకులపై మచ్చలు వేసి పూత, కాయ రాకుండా చేసే కంది వెర్రి తెగులు ఇందుకు మంచి ఉదాహరణ. బీహార్‌లోని పూసాలో 1931లో నమోదైన ఈ తెగులు అంటు కట్టితే సోకుతుందని, కంటికి ఆనని ఒక నల్లి దీనిని మోస్తుందని తేలడంతో కారణం వైరస్ అయి ఉండాలని శాస్త్రజ్ఞులు భావించారు. అది బలమైన ఆగమనమే, కాని వైరస్ మాత్రం దశాబ్దాల పాటు చేతికి చిక్కలేదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు స్కాట్లండ్ పరిశోధకులతో కలిసి దానిని వేరుచేసి గుర్తించేసరికి దాదాపు 2000 సంవత్సరం వచ్చింది. అయినా ఆ రుజువు కోసం ఆగకుండా, అంతకు ముందే, తెగులు సోకిన ఆకులను నల్లులతో సహా ఆరోగ్యకరమైన మొక్కల ఆకులకు స్టేపుల్ చేసి, తట్టుకున్న మొక్కలను ఏరుతూ పోయిన పరీక్షలు సాగాయి. ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకునే ‘ఆశ’ కంది రకం 1993లో, అంటే వైరస్ దొరకడానికి చాలా ముందే, రైతులకు విడుదలైంది.