చిగురుగుంట బంగారుగని

వాల్మీకిపురము మొదలు కుప్పము వఱకు మన రైతు బావి త్రవ్వుచు ఱాతిని నిందించును. ఆ ఱాతియందే యొకచోట బంగారము గలదు. కోలారునుండి దక్షిణముగా సాగివచ్చు నల్లఱాతిపట్టె కుప్పము చెంత చిగురుగుంట, బిసానత్తములను తాకుచున్నది. దాని ప్రాయము సుమారు 270 కోట్ల యేండ్లు. భూగర్భమునుండి పైకెగసిన వేడినీరు ఱాతి బీటలలో పలుగుఱాయిని, దానితోడ బంగారపు రజమును విడిచిపోయెను. టన్ను ఱాతిని పిండిచేసినచో దక్కునది 5 గ్రాములు, అరతులమైనను కాదు!

కోలారుగనులను 1880లో జాన్ టెయిలర్ సంస్థ చేపట్టెను. గనులలోతు 3 కిలోమీటర్లు దాటెను. లాభము లండను వాటాదారులకును, ఱాతిదుమ్ము కూలీల యూపిరితిత్తులకును దక్కెను. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యెను. పిదప చిగురుగుంటలోను భారత ప్రభుత్వ సంస్థయే గని నడపెను. ఆ సంస్థ నష్టములపాలై 2001లో కోలారుతోపాటు దీనిని మూసివేసెను. ఇచ్చట అడుగంటినది సంస్థ ధనమేగాని గనిలోని బంగారము కాదు.

కావుననే దీనిని మరల తెఱచు ప్రయత్నములు సాగినవి. మేము వలదనము. కాని కోలారున నేటికిని నిలిచియున్న సైనైడు మట్టిగుట్టలను పాలకులు మఱవరాదు. చుట్టుప్రక్కల పల్లెలకు పనియు, బావులకు రక్షణయు ముందుగా వ్రాతమూలమున దక్కవలెను. బంగారము తరలిపోవును, నీరు చెడినచో రైతు ఎచ్చటికి తరలును?