ఎండుగడ్డికీ పరీక్షలున్నాయి!

పరీక్షలు మీకు మాత్రమే అనుకుంటున్నారా? గుర్రాలు తినే ఎండుగడ్డికి కూడా ఉన్నాయి. అందులో గడ్డి తప్పితే నష్టపోయేది గుర్రం!

ఎండుగడ్డి అనగానే మనకు వరిగడ్డి గుర్తుకు వస్తుంది. అది గింజలు రాల్చుకున్నాక మిగిలిన కాడ. గుర్రాలకు వేసే మంచి ఎండుగడ్డి వేరు. పచ్చిక లేతగా ఉండగానే కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి దాస్తారు. యూరపు, అమెరికాలలోని చలి ప్రాంతాలలో శీతకాలంలో పచ్చిక దొరకదు. అప్పుడు గుర్రానికి ఈ గడ్డే ముఖ్యాహారం. 500 కిలోల గుర్రం రోజుకు సుమారు 10 కిలోల గడ్డి తింటుంది.

మేత విషయంలో గుర్రం ఆవు వంటిది కాదు. అది నెమరు వేయదు. పైగా వాంతి చేసుకోలేదు. ఆహారనాళం జీర్ణకోశాన్ని చేరేచోట ఉన్న కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. అందుచేత చెడిన మేత తింటే దాన్ని కక్కివేయలేదు. తీవ్రమైన కడుపునొప్పి వచ్చి ప్రాణం పోవచ్చు కూడా. బూజు పట్టిన గడ్డి దుమ్ము పీలిస్తే గుర్రానికి ఉబ్బసం వంటి జబ్బు వస్తుంది.

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. కట్ట విప్పి చూడాలి, వాసన చూడాలి. మంచి గడ్డికి కమ్మని వాసన ఉంటుంది. ముక్కవాసన వచ్చినా, దులిపితే తెల్లని ధూళి లేచినా ఆ కట్ట పనికిరాదు. ఆకులు ఎక్కువగా, కాడలు మెత్తగా ఉంటే గడ్డిని లేతగా కోశారన్నమాట. గింజ కట్టిన వెన్నులు, ముదురు కాడలు కనిపిస్తే ఆలస్యంగా కోశారని అర్థం.

అయితే కంటిని పూర్తిగా నమ్మరాదు. ఎండ తగిలి పైన వెలిసిపోయిన కట్ట లోపల పచ్చగా ఉండవచ్చు. పచ్చగా ఉన్న గడ్డిలో మాంసకృత్తులు తక్కువ ఉండవచ్చు. చక్కెరలు ఎంత ఉన్నాయో ఏ కన్నూ చెప్పలేదు. కొన్ని గుర్రాలకు చక్కెరలు ఎక్కువైతే గిట్టల లోపలి భాగం వాచి, నడవడమే కష్టమవుతుంది. కాబట్టి ప్రయోగశాలకు పంపక తప్పదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కట్టలోంచి చేత్తో గుప్పెడు గడ్డి లాగితే ఏమవుతుంది? పెళుసైన ఆకులు రాలిపోతాయి, కాడలు చేతిలో మిగులుతాయి. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులలోనే! అంటే మంచి గడ్డికి కూడా తక్కువ మార్కులు పడతాయి. అందుకే అంచు పదునుగా ఉన్న బోలు గొట్టాన్ని కట్టలోకి లోతుగా దించి నమూనా తీస్తారు. ఒక్క కట్ట చాలదు. సుమారు 20 కట్టల నుంచి తీసి కలుపుతారు.

మాంసకృత్తులను కొలిచే పద్ధతిని 1883లో డెన్మార్కు రసాయన శాస్త్రజ్ఞుడు యోహాన్ కెల్డాల్ ప్రకటించారు. ఆయన కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో బీరు తయారీకి వాడే ధాన్యాన్ని పరిశీలించేవారు. నమూనాను గాఢ గంధకికామ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారుతుంది. దానికి క్షారం కలిపి వేడిచేస్తే అమ్మోనియా వెలువడుతుంది. దాన్ని కొలిస్తే నత్రజని ఎంతో తెలుస్తుంది. మాంసకృత్తులలో నత్రజని సుమారు 16 శాతం. 100ను 16తో భాగిస్తే 6.25. గడ్డిలో నత్రజని 1.6 శాతం ఉంటే, 1.6 × 6.25 = 10. అంటే మాంసకృత్తులు సుమారు 10 శాతం!

ఈనాడు చాలా ప్రయోగశాలలలో పొడిచేసిన గడ్డిపై పరారుణ కాంతిని ప్రసరింపజేస్తారు. ఒక్కొక్క పదార్థం కొన్ని ప్రత్యేక తరంగాలను పీల్చుకుంటుంది. తిరిగి వచ్చిన కాంతిని బట్టి యంత్రం కొద్ది నిమిషాలలో లెక్క చెబుతుంది. అయితే రసాయన పరీక్ష జరిగిన నమూనాలను చూపి ఆ యంత్రానికి ముందుగా పాఠం నేర్పాలి.

అన్నిటికంటె తేలిక తేమ పరీక్ష. గడ్డిని తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ తూస్తారు. బరువు ఇక తగ్గనంతవరకు ఇలాగే చేస్తారు. 100 గ్రాముల గడ్డి 86 గ్రాములకు దిగితే తేమ 14 శాతం. ఇది దాచడానికి తగినది. 20 శాతం దాటితే బూజు పెరుగుతుంది. మరీ తడిగా ఉంటే సూక్ష్మజీవుల వల్ల పుట్టిన వేడితో గడ్డి దానంతట అదే అంటుకోవచ్చు కూడా.

ఓవెన్ లేకపోయినా మీరు దీన్ని సుమారుగా చేసి చూడవచ్చు. 100 గ్రాముల పచ్చగడ్డిని కత్తిరించి, కాగితంపై పరచి ఎండలో పెట్టండి. రోజూ సాయంత్రం తూచి, బరువు రాసుకోండి. ఎన్నో రోజున బరువు తగ్గడం ఆగింది? పచ్చగడ్డిలో నీరు ఎంత శాతం ఉంటుందని మీ ఊహ? ముందు ఆ అంకె రాసిపెట్టుకుని, తరువాత త్రాసు చెప్పేదానితో పోల్చి చూడండి.