అయిదు రూపాయల కూలి నుండి

రోజంతా కలుపు తీసి ఇంటికి వచ్చిన తల్లితో "మంచి ఆలోచనలు పెంచుకో అమ్మా" అనుట సుళువు. "నీవు ఎన్నడైనా నడుము వంచినావా నాయనా?" అని ఆమె అడిగితే తప్పేమున్నది? మన వరంగల్ జిల్లాలో పుట్టి, ఈనాడు ఊరూర యువతకు ధైర్యము చెప్పుచున్న జ్యోతిరెడ్డి గారిని మాత్రము ఎవరూ అలా అడగనక్కరలేదు.

1970లో పుట్టిన ఆమెకు నలుగురు తోబుట్టువులు. ఇల్లు గడవక తండ్రి ఆమెను తల్లి లేని బిడ్డ అని చెప్పి అనాథాశ్రమములో చేర్చారు. తల్లి బ్రతికే ఉన్నది! ఆ సంగతి నోరు జారితే అక్కడ చోటు ఉండదు. చిన్న బిడ్డ అన్ని ఏండ్లు ఆ మాట కడుపులో దాచుకొని పదవ తరగతి వరకు చదువుకున్నది. ఆకలి కంటె ఇదే ఎక్కువ బాధ అని నాకు తోచుచున్నది.

పదహారేండ్లకు పెండ్లి, పద్దెనిమిది నిండేసరికి ఇద్దరు ఆడపిల్లలు. పొలములో రోజుకు 5 రూపాయల కూలి. తరువాత నెహ్రూ యువ కేంద్రము తరఫున వయోజనులకు చదువు చెప్పారు. రాత్రులు లంగాలు కుట్టారు. 1990లలో 398 రూపాయల జీతముపై స్పెషల్ టీచరు అయ్యారు. (ఆ రోజులలో "398 టీచర్లు" అంటే తెలియని పల్లె లేదు.) బడికి రైలులో పోయి వచ్చేటప్పుడు తోటి ప్రయాణికులకు చీరలు అమ్మేవారు. పని చేస్తూనే సార్వత్రిక విశ్వవిద్యాలయములో డిగ్రీ, కాకతీయ విశ్వవిద్యాలయములో పై చదువు పూర్తి చేశారు.

కంప్యూటరు నేర్చుకొని, పిల్లలను హాస్టలులో ఉంచి అమెరికా వెళ్లారు. అక్కడ మొదట దొరికినది వీడియో క్యాసెట్ల దుకాణములో పని. వీసా కాగితముల కొరకు స్వయంగా తిరిగిన అనుభవమే ఆమెకు వ్యాపారపు దారి చూపినది. 2001లో ఫీనిక్స్ నగరములో సాఫ్ట్‌వేరు సంస్థ పెట్టారు. పిల్లలను విడిచి వెళ్లుట సరియేనా అని కొందరు తల్లులు అడుగుతారు. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ఆమె తరువాత కుమార్తెలను తన వద్దకు తెచ్చుకున్నారు.

"అయినా నేను ఓడిపోలేదు" అనే తన ఆత్మకథలో ఇదంతా దాచకుండ వ్రాశారు. కళాశాలలలో మాట్లాడినా ఆమె మనసు అనాథ బాలికల మీదనే. అమెరికా నుండి వచ్చినప్పుడు వరంగల్ ఆశ్రమములకు వెళ్లి ఆ పిల్లల మధ్య కూర్చుంటారు. తల్లి ఉన్నా లేదని చెప్పవలసి వచ్చిన బిడ్డ వారిలో ఇంకొకరు ఉన్నారేమో, ఎవరికి తెలుసు?