అమ్మ ఒళ్లోనే పాఠం

పసిబిడ్డ ఒంటిమీద నాలుగు పొక్కులు కనిపిస్తే చాలు, మన ఇళ్లల్లో సలహాలకు కొదవుండదు. "వేడి చేసింది, నువ్వు సబ్జా నీళ్లు తాగు" అని ఒకరు. "దిష్టి తగిలింది" అని ఇంకొకరు. "పాలిచ్చే తల్లివి, వంకాయ తిన్నావు కదూ!" అని మరొకరు. ఎదురింటి పిన్నిగారైతే తను వాడుతున్న ట్యూబే తెచ్చి చేతిలో పెట్టేస్తారు.

మా చిన్నమ్మాయికి ఎనిమిదో నెలలో బుగ్గలు రెండూ పేలి రసి కారుతుంటే నేనూ అలాంటి ట్యూబే రాశాను. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చారు. రెండు రోజుల్లో బుగ్గలు అద్దంలా అయిపోయాయి. మానేసిన వారానికి రెట్టింపు వచ్చింది. మళ్లీ రాశాను. అలా మూడు నెలలు గడిచేసరికి బుగ్గల మీద చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర దారాల్లా నరాలు కనిపించసాగాయి. హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడున్న కుర్ర డాక్టరు చీటీ మీంచి తల ఎత్తకుండానే "పిల్లని శుభ్రంగా ఉంచడం లేదా?" అన్నాడు.

మూడు నెలలుగా రాత్రిళ్లు బిడ్డ గోక్కోకుండా దాని చేతులు పట్టుకుని కూర్చున్నదాన్ని. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, అయినా ఆ క్షణంలో నోట మాట రాలేదు. తర్వాత మరో డాక్టరుగారి దగ్గర పిల్లకు నయమైంది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. బుగ్గల మీద మచ్చ కూడా లేదు. ఆ మాట మాత్రం నాకు గుర్తుండిపోయింది.

అందుకే మా ఆడపడుచు కూతురు చర్మవ్యాధుల్లో ఎం.డి. సీటు తెచ్చుకుందని తెలియగానే, శుభాకాంక్షలు చెప్పడం కూడా మరిచిపోయి "పిల్లల ఒళ్లు చూడడం కూడా నేర్పిస్తారా మీకు?" అని అడిగాను.

"ఒకసారి మా ఓపీకి వచ్చి చూడు అత్తయ్యా" అంది నవ్వుతూ.

వెళ్లే పని అనుకోకుండా పడింది. మా ఇంట్లో పనిచేసే ఆమె మనవడికి ఏడాది కూడా నిండలేదు. ఒళ్లంతా దురద. వాళ్లూ ఏదో ట్యూబు రాస్తున్నారు. నా కథ మళ్లీ మొదలైనట్టే అనిపించి, నాయనమ్మనీ మనవడినీ వెంటబెట్టుకుని మా అమ్మాయి చదువుతున్న పెద్దాసుపత్రికి బయల్దేరాను.

బిడ్డంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు

మన దేశంలో చర్మవైద్యంలో ఎం.డి. అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ల చదువు. చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు అన్నీ అందులోనే. వీటన్నిటి మధ్య పిల్లల చర్మం గురించీ నేర్చుకోవాలి. అమెరికాలోనైతే చర్మవైద్యం ముగించాక పిల్లల కోసం మరో ఏడాది ప్రత్యేక శిక్షణ ఉంది. 2004 నుంచి దానికి విడిగా పరీక్ష కూడా పెడుతున్నారు. మా అమ్మాయి వాళ్లకి వారానికి ఒకరోజు పిల్లల ఓపీ. అసలు పాఠమంతా అక్కడే.

వెళ్లేసరికి గది నిండా తల్లులు, ఏడుపులు. నలుగురు పీజీలు, వాళ్ల వెనక ఓ పెద్ద డాక్టరమ్మ. మా వంతు వచ్చింది. ఓ కుర్రాడు బిడ్డను బల్లమీద పడుకోబెట్టబోతే పెద్దావిడ ఆపేశారు.

"ఒళ్లోనే ఉండనివ్వు. బల్లమీద పడుకోబెడితే ఏడుస్తాడు, ఏడిస్తే ఒళ్లంతా ఎర్రబడుతుంది. ఇంక నువ్వేం చూస్తావు? ముందు చేతులు కడుక్కుని, రుద్దుకుని వెచ్చచేసుకో. ఆ లోపల వాడు ఎక్కడ గోక్కుంటున్నాడో దూరం నుంచే చూడు."

ఆ కుర్రాడు చూసి, ఎగ్జిమా అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. నాయనమ్మ వైపు తిరిగి "అమ్మా, నీ చేతులు చూపించు" అన్నారు. వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులు, గీతలు. బిడ్డ అరికాళ్లు తిప్పి చూస్తే అక్కడా అవే. భూతద్దంలాంటి పరికరం పెట్టి నలుగురినీ ఒక్కొక్కరుగా చూడమన్నారు. మా అమ్మాయి నన్నూ పిలిచి చూపించింది. సన్నటి గీత, దాని చివర ముదురు రంగులో చిన్న మూడుపలకల చుక్క. ఆ చుక్కే గజ్జి పురుగట! పెద్దవాళ్లకైతే గజ్జి సాధారణంగా మెడ నుంచి కిందికే ఉంటుంది. పసివాళ్లకు తలా, మొహం, అరిచేతులు, అరికాళ్లు ఏదీ వదలదు. అది తెలియకపోతే ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ పూత రాసిస్తారు. దురద తాత్కాలికంగా తగ్గుతుంది, పురుగు హాయిగా కాపురం చేస్తుంది.

"మందు ఎవరికి రాస్తావు?" అన్నారు ఆవిడ.

"బిడ్డకి, నాయనమ్మకి" అన్నాడు కుర్రాడు.

"ఆ గదిలో ఎంతమంది పడుకుంటారో అడిగావా?"

అడిగితే ఏడుగురని తేలింది. ఏడుగురూ ఒకే రాత్రి రాసుకోవాలి, రాత్రంతా ఉంచుకుని పొద్దున్నే స్నానం చేయాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. బిడ్డకు కళ్లు, నోరు వదిలి తలకూ మొహానికీ కూడా పట్టించాలి. రెండు నెలలు నిండని పసికందైతే ఆ మందు పనికిరాదు, లెక్క వేరు. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలదాకా ఉండొచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే తల్లి మందు పనిచెయ్యలేదనుకుని మళ్లీ షాపుకి పరుగెడుతుంది. ఏడుగురికీ సరిపడా ట్యూబులు ఆసుపత్రి మందుల గదిలో ఉన్నాయో లేదో కనుక్కుని మరీ చీటీ రాయించారు. చీటీ రాస్తే సరిపోదు, మందు చేతికందిందో లేదో చూడడం కూడా డాక్టరు పనేనన్న ఆ పాఠం నాకు నచ్చింది.

వేలి కొలత

తర్వాత ఆవిడ ఓ ట్యూబు తెచ్చి నలుగురు పీజీలనూ చూపుడువేలు చాపమన్నారు. వేలి మొదటి గీత నుంచి కొనదాకా వత్తితే వచ్చే మందు దాదాపు అర గ్రాము. మన రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుంది. నాలుగైదు నెలల బిడ్డకైతే మొహానికీ మెడకీ కలిపి అలాంటిది ఒక్కటి చాలు.

"పల్చగా రాయమ్మా అని చెప్పి పంపేస్తారు మీరు. పల్చగా అంటే ఎంత? ఒక తల్లికి పల్చనైంది ఇంకో తల్లికి మందం. వేలు చూపించి చెప్పండి" అన్నారు.

అసలు సంగతేమిటంటే, బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డకు చర్మం మనకన్నా చాలా ఎక్కువ. అందుకని పైన రాసినదాంట్లో లోపలికి ఇంకేదీ ఎక్కువే. పెద్దవాళ్లకు హాని చేయని పూత పసివాళ్లలో ఎదుగుదల మీద కూడా ప్రభావం చూపించొచ్చు. అలాగని స్టెరాయిడ్ పూతను శత్రువనుకోనక్కరలేదు. సరైన బలం, సరైన కొలత, సరైన రోజులు ఉంటే అది మంచి మందే. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా ఈ ఓపీలో సగంమంది తల్లుల సంచుల్లో నాలాంటి ట్యూబులే కనిపించాయి. ఆవిడ ఎవరినీ కసరలేదు. "ఇంకా ఏమేం రాశావో చెప్పమ్మా, ఏమీ అనను" అన్నారు. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వేపాకు పసరు, నలుగుపిండి, ఎవరో ఇచ్చిన భస్మం! పొడిబారి మండుతున్న చర్మాన్ని నలుగుతో రుద్దితే మరింత రేగుతుందని పీజీలు వాళ్లకు నెమ్మదిగా చెప్పారు.

మరో తల్లి ఆరేళ్ల కొడుకు చెంపమీద తెల్లటి మచ్చలు చూపించి వణికిపోతోంది. బడిలో ఎవరో బొల్లి అన్నారట. ఇంట్లోవాళ్లు కడుపులో పాములనీ, కాల్షియం తక్కువనీ అంటున్నారట. మా అమ్మాయి దూది వత్తి తీసుకుని "కళ్లు మూసుకో నాన్నా, నేనెక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టు, ఆడదామా?" అంది. వాడు నవ్వుతూ అన్నిసార్లూ సరిగ్గా చూపించాడు. అది ఆట కాదు, మచ్చమీద స్పర్శ ఉందో లేదో చూసే పరీక్ష. మన దేశం 2005లోనే కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రకటించింది కానీ, కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి, పిల్లల్లో కూడా. అందుకే ఈ పరీక్ష మానకూడదు. ఇక్కడ అది కాదు. పిల్లల్లో తరచు వచ్చే పొడి మచ్చలే. వాటికి పాములతోగానీ కాల్షియంతోగానీ సంబంధం లేదు. కొబ్బరినూనెలాంటి మెత్తదనమిచ్చే పూత, కాస్త ఓపిక చాలు. ఆ తల్లి కళ్లు తుడుచుకుంటుంటే నా కళ్లూ చెమర్చాయి.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

పిల్లల చర్మంలో చాలావాటికి మందే అక్కరలేదట. పుట్టిన రెండు మూడు రోజుల్లో వచ్చే ఎర్ర దద్దుర్లు వాటంతటవే పోతాయి. పిర్రల మీద నీలి మచ్చలు పెరిగేకొద్దీ మాసిపోతాయి. అవి దెబ్బలనుకుని తల్లినీ ఆయానీ అనుమానించేవాళ్లూ ఉంటారు.

కానీ అన్నింటికీ "పోతుందిలే" అనకూడదు. మూడు నెలల పాపకు కంటి పైరెప్ప మీద ఎర్రటి ఉబ్బు. రక్తనాళాల గడ్డ. ఇలాంటివి మొదటి నెలల్లో గబగబా పెరిగి, ఆ తర్వాత ఏళ్లమీద తగ్గుతాయి. వీపుమీదుంటే చాలావరకు ఆగి చూడొచ్చు. రెప్పమీదుంటే మాత్రం చూపు దెబ్బతినొచ్చు. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోటే లాబ్రెజ్ అనే డాక్టరు, గుండెజబ్బుకిచ్చే ప్రొప్రనలాల్ మందుతో ఈ గడ్డలు కుంగిపోతున్నాయని గమనించి లోకానికి చెప్పింది. గుండె కోసం మందిస్తే గడ్డ కూడా తగ్గడం చూసి ఊరుకోకుండా ఆలోచించిందామె. పెద్దావిడ ఈ కథ చెప్పి, "ఏది ఆగొచ్చో, ఏది ఆగకూడదో తెలుసుకోవడానికే మీకీ మూడేళ్లు" అన్నారు. పాపను ఆ పూటే పిల్లల డాక్టరు దగ్గరికీ, కంటి డాక్టరు దగ్గరికీ పంపారు.

ఒక తప్పు

సాయంత్రం మా అమ్మాయి మా ఇంటికే వచ్చింది. కాఫీ ఇస్తే తాగకుండా కప్పు పట్టుకు కూర్చుంది.

"అత్తయ్యా, కిందటి నెల నేనో తప్పు చేశాను" అంది.

చేపపొలుసుల్లాంటి చర్మంతో పుట్టిన బిడ్డను తీసుకొచ్చారట. పక్కన అత్తగారు, ఆడపడుచులు. ఇది పుస్తకంలో చదివినదే కదా అని, అందరి ముందూ "మేనరికమా?" అని అడిగేసిందట. "ఔను, నా తమ్ముడి కూతుర్నే చేసుకున్నాం" అంది అత్తగారు. మరుక్షణం నుంచి తప్పంతా ఆ పిల్లమీదకి నెట్టేశారు. "మా వంశంలో ఇలాంటిది లేదు, నీ తల్లివైపు నుంచే వచ్చింది" అంటూ ఓపీలోనే మొదలెట్టారు.

"మేడమ్ నన్ను తిట్టలేదు అత్తయ్యా. అందరినీ బయటికి పంపి, మొగుడూపెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టారు. ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి నుంచీ లోపం రావాలి. ఒక్కరి వల్ల రాదు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తర్వాతి కాన్పుకి ముందే పరీక్షలున్నాయి. ఇదంతా అరగంట చెప్పారు. తర్వాత నాతో ఒక్కటే అన్నారు. 'ప్రశ్న సరైనదే. అడిగిన చోటే తప్పు' అని."

దాని కళ్లలో నీళ్లు. అప్పుడు చెప్పాను నేను, తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ "శుభ్రంగా ఉంచడం లేదా?" సంగతి. అది చాలాసేపు మాట్లాడలేదు. చల్లారిన కాఫీ తాగేసి, "ఆ డాక్టరుకి ఎవరూ నేర్పలేదేమో అత్తయ్యా" అంది.

ఇప్పుడు పీజీలందరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం ఉంది. మా అమ్మాయి పోయిన నెల వెళ్లింది. అక్కడ వెనక పెద్ద డాక్టరమ్మ లేదు. మొన్న రాత్రి ఫోన్ చేసింది.

"ఈవేళ ఆరు నెలల బాబు వచ్చాడత్తయ్యా, బుగ్గలు నీ కూతురివిలాగే. వాళ్లమ్మ సంచిలో ట్యూబు దాచుకుంది. ముందు నేనేం అడిగానో చెప్పుకో!"

"ఏం రాస్తున్నావని అడిగుంటావు."

"కాదు. రాత్రి నిద్రపోతున్నావా అమ్మా, అని అడిగాను. ఏడ్చేసింది. ఆ తర్వాత తనే ట్యూబు తీసి చూపించింది."

మీ పాపాయికి ఒళ్లు పేలితే వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. పొక్కులు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. రాసిన పసర్లు కూడా దాచకుండా చెప్పండి. ఎదురుగా కూర్చున్నది చిన్న డాక్టరమ్మే కావచ్చు. ఆమె ఇంకా నేర్చుకుంటోంది, అందులో సగం పాఠం మనం చెప్పేదాంట్లోనే ఉంది.