‘రెండు మూడు వందలు’ – అంతరాల సమాధానాలు, సగటు అంచనా

“వారానికి చేపలకు ఎంత ఖర్చవుతుంది?” అని అడిగితే “రెండు మూడు వందలు” అంటారు. ఈ సమాధానం ఒక సంఖ్య కాదు, ఒక అంతరం. ఇలాంటి సమాధానాల నుంచి సగటును ఎలా అంచనా వేయాలో ఇప్పుడు తెలుసుకుందాం.

దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్‌లో మీరు ప్రశ్నావళితో నాలుగు ఇళ్లకు వెళ్లారనుకుందాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాబట్టి జవాబు తెలుగులోనే వినిపించవచ్చు. సమాధానాలు ఇవి అనుకోండి: 200–300, 200–250, 300–500, 100–150 రూపాయలు.

దిగువ హద్దుల సగటు 800 ÷ 4 = 200. ఎగువ హద్దుల సగటు 1200 ÷ 4 = 300. వారు చెప్పిన హద్దులు సరైనవైతే అసలు సగటు ఈ రెండింటి మధ్యే ఉండాలి. మీ పాఠ్యపుస్తకంలోలాగా మధ్య విలువలు తీసుకుంటే 250 వస్తుంది. అయితే ఖర్చు అంతరం నడుమనే ఉంటుందన్నది మన ఊహ మాత్రమే, ఇంటివారు చెప్పిన మాట కాదు.

నాలుగు ఇళ్లకు బదులు 400 ఇళ్లను అడిగితే? ప్రతిచయన దోషం తగ్గుతుంది. కాని జవాబులు ఇంతే వెడల్పుగా ఉంటే హద్దుల మధ్య ఎడం తగ్గదు.

ఇక నిజమైన ఉదాహరణ చూద్దాం. 2011లో మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణనలో గ్రామీణ కుటుంబాల్లో అత్యధికంగా సంపాదించే సభ్యుని నెల ఆదాయాన్ని మూడు తరగతులుగా నమోదు చేశారు. 2015లో వెలువడిన దేశవ్యాప్త ఫలితాలు సుమారుగా ఇవి: 5,000 రూపాయల లోపు 74.5 శాతం, 5,000–10,000 మధ్య 17.2 శాతం, 10,000, ఆపైన 8.3 శాతం.

మొదటి తరగతిలోనే సగానికి మించి కుటుంబాలున్నాయి. కనుక మధ్యగతం 5,000 లోపే. ఇందులో ఊహ ఏమీ లేదు. ఆ తరగతిలో ఆదాయాలు సమంగా పరచుకున్నాయని ఊహిస్తే 5,000 × 50 ÷ 74.5, అంటే సుమారు 3,356 వస్తుంది. అంకమధ్యమం మాటేమిటి? దిగువ హద్దులతో లెక్కిస్తే 860 + 830 = 1,690 రూపాయలకు తగ్గదు. కాని చివరి తరగతికి ఎగువ హద్దు లేదు. కాబట్టి ఎంతకు మించదో ఈ పట్టిక చెప్పలేదు.

ఏమీ సంపాదించని ఇల్లూ, 4,999 తెచ్చే ఇల్లూ ఇక్కడ ఒకే గడిలో ఉన్నాయి. నిరుపేదలెవరో తేల్చవలసి వచ్చినప్పుడు ఈ తేడాయే ముఖ్యం. అందుచేత తరగతులను ప్రశ్న అడగకముందే ఆలోచించి నిర్ణయించాలి. అడగటం పూర్తయ్యాక ఏ సూత్రమూ ఆ లోటును పూడ్చలేదు.

మీ వీధిలో పది ఇళ్లను అడిగి, రెండు హద్దుల సగటులనూ మీరే కట్టి చూడండి.