ఓటు మనదే.. మరి ఓటీపీ?

ఓటరు కార్డుని బీరువాలో చీరల మడతల మధ్య భద్రంగా దాచుకుంటాం. జాబితాలో పేరుందో లేదో ఎప్పుడైనా చూసుకున్నారా అని మా వీధిలో నలుగురిని అడిగాను. "ఆ సంగతులన్నీ మావారే చూస్తారండీ" అంది ఒకావిడ. ఆవిడ చేతిలో స్మార్ట్‌ఫోను ఉంది! సీరియళ్లు, ముగ్గుల వీడియోలు అన్నీ అందులోనే చూస్తుంది.

కార్డు ఉంటే ఓటున్నట్టే అనుకుంటాం. కాదు, జాబితాలో పేరుండాలి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? ఓట్లు తొలగించమంటూ ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ ఓటు తీసేయమని ఎవరో కోరారన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. దరఖాస్తు రాగానే ఓటు పోదు లెండి, విచారణ ఉంటుంది. అప్పుడు పోలీసు కేసులూ పెట్టారు. నాకు మాత్రం భయం వేసింది. ఫోను వాడటం తెలిసినవాడు, తెలియనివాళ్ల పేరున ఏదైనా చేసేయగలడన్నమాట!

ఆ తెలియనివాళ్లలో మనమే ఎక్కువ. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 49 శాతం, ఆడవాళ్లు 21 శాతం. తెలంగాణలో మగవాళ్లు సగానికి పైగా, ఆడవాళ్లు 26 శాతం పైచిలుకు. ఆ తర్వాత ఇంటింటికీ ఫోన్లొచ్చాయి, నిజమే. కానీ దరఖాస్తులో రాసే నంబరు ఎవరిది? ఆయనదో, అబ్బాయిదో! ఓటీపీ అక్కడికే వెళ్తుంది. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కూడా వాళ్లనే అడగాలి.

నిజానికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు మీది నంబరు కొడితే పేరు, పోలింగ్ కేంద్రం కనిపిస్తాయి. కనిపించకపోతే 1950కి ఫోన్ చేయండి. కొత్త ఓటుకి ఫారం-6. చిరునామా మార్పుకీ, తప్పుల సవరణకీ ఫారం-8. పెళ్లయి ఊరు మారేది మనమే కాబట్టి ఈ ఫారం-8 మన ఆడపిల్లలందరికీ తెలిసి ఉండాలంటాను.

మా మేనకోడలు తెనాలి నుంచి అత్తగారింటికి వెళ్లిన రెండో నెలలోనే తన ఫోన్లోంచే ఆ ఫారం పెట్టుకుంది. విచారణకి వచ్చిన బూత్ అధికారి గుమ్మంలో నిలబడి "మీ ఆయన్ని పిలవమ్మా" అన్నాడట.

"దరఖాస్తు పెట్టింది నేనండీ. ఏం కావాలో నన్నడగండి" అని కుర్చీ వేసిందట మా పిల్ల.