బ్రేకు నొక్కేలోగా

లైసెన్సు చేతికి రాగానే ఇంటర్‌స్టేట్ ఎక్కే పిల్లలతో, పక్క సీటులోని తల్లిదండ్రులు "కాస్త దూరంగా ఉండు నాన్నా" అనడం పరిపాటి. ఎంత దూరమన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అది లెక్కకు అందేదే.

గంటకు 65 మైళ్ళ వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 95 అడుగులు సాగుతుంది. ముందు కారు ఎర్రదీపాలు కంటబడి, పాదం బ్రేకును చేరేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, వేగం రవ్వంతయినా తగ్గకముందే 140 అడుగులు గడచిపోతాయి. ఆపైన బ్రేకు పని. గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది. 65 మైళ్ళ వద్ద, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో అది మరో 200 అడుగులు. వెరసి 340. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో రెండు గోల్ గీతల నడుమ దూరం 300 అడుగులే!

ఎడాన్ని అడుగులలో కాక సెకన్లలో కొలవడం సులువు. ముందు కారు ఏదైనా బోర్డును దాటగానే లెక్క మొదలుపెట్టి, మూడు అంకెలు నిదానంగా పలికాకే తన కారు అక్కడికి చేరాలి. వానలో, రాత్రివేళ ఇంకా ఎక్కువ.

చలికాలంలో వంతెనలది వేరే సంగతి. పైనా క్రిందా గాలి తగలడం వల్ల అవి రోడ్డుకన్న ముందే గడ్డకడతాయి. మంచుగడ్డపై ఘర్షణ ఏడోవంతుకు పడిపోతే ఆ 200 అడుగులు 1400 అవుతాయి. ఉప్పు చల్లారన్న ధీమా కూడా 15 డిగ్రీల ఫారన్‌హీట్ వరకే. అంతకు దిగువన మామూలు ఉప్పు మంచును కరిగించడం బాగా మందగిస్తుంది.